ఎక్స్‌పీ కంప్యూటర్‌లో 4 టీబీ డిస్క్ 1678 జీబీగానే కనిపిస్తోంది

అచ్చుపని, తెనాలి:

అందరికీ నమస్కారం. తెనాలిలో మాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. నాన్నగారి హయాం నుంచీ పుస్తకాల కంపోజింగే మా పని. ఇప్పుడు దానికి తోడు పాత పుస్తకాలను స్కాన్ చేసి భద్రపరచడం కూడా మొదలుపెట్టాను. అచ్చులో దొరకని శతకాలు, నాటకాలు, ఆగిపోయిన పత్రికల సంచికలు జనం ఇళ్లలో అటకల మీద చెదలు పడుతున్నాయి. తెచ్చి ఇస్తే స్కాన్ చేసి పుస్తకం తిరిగి ఇచ్చేస్తాను.

ఇందుకు వాడే కంప్యూటర్ పాతది. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, జీ31 బోర్డు, 2 జీబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్ 32 బిట్, సర్వీస్ ప్యాక్ 3. దీన్ని మార్చలేకపోవడానికి ముఖ్య కారణం స్కానర్. దానికి ఎక్స్‌పీ తరువాత డ్రైవర్ రాలేదు. అంత నాణ్యమైన స్కానర్ కొత్తది కొనే స్తోమత మాకు లేదు. పైగా పేజ్‌మేకర్ 7లో అను ఫాంట్లతో చేసిన పాత పేజీలు ఈ కంప్యూటర్‌లో తెరిస్తే ఒత్తులు, వరుసలు ఎక్కడివక్కడే ఉంటాయి. రీప్రింట్లకు అదే ఆధారం.

పుస్తకం విప్పి బోర్లా పెడితే రెండు పేజీలు కలిసి ఏ4 అంత వస్తుంది. 600 డీపీఐలో, రంగులో, కుదించకుండా టిఫ్‌గా దాచితే ఒక్కో బొమ్మ 104 ఎంబీ. 200 పేజీల పుస్తకానికి 10 జీబీ పైమాటే. ఉన్న 500 జీబీ డిస్క్ నిండిపోయింది. అందుకే 4 టీబీ ఇంటర్నల్ డిస్క్ కొని సాటా కేబుల్‌తో తగిలించాను. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అది 1678.02 జీబీ అని చూపిస్తోంది. మా తమ్ముడి విండోస్ 10 కంప్యూటర్‌కు తగిలిస్తే 3726.02 జీబీ అంటోంది. ఇంకా దేనిలోనూ ఇనిషియలైజ్ చేయలేదు, ఫార్మాట్ చేయలేదు.

డిస్క్‌లో లోపం ఉందా? మొత్తం 4 టీబీని ఎక్స్‌పీలో వాడుకునే మార్గం ఏదైనా ఉందా? లేకపోతే చూపిస్తున్న 1678 జీబీ వరకైనా వాడుకుంటే రాసినది భద్రంగా ఉంటుందా? ఈ మూడోదే నాకు అన్నిటికంటే ముఖ్యం. ఆ పుస్తకాల్లో కొన్నింటికి మరో ప్రతి ఎక్కడా లేదు.


నీలిదారం, బెంగళూరు:

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తోనే ముగిసింది. విండోస్ 10 వేసుకోండి, డిస్క్ మొత్తం కనిపిస్తుంది. స్కానర్‌కు డ్రైవర్ ఎలాగోలా దొరకకపోదు.


అచ్చుపని, తెనాలి:

డ్రైవర్ కోసం తయారీదారు సైటులోనూ, వేరే చోట్లా చాలా వెదికానండి. 32 బిట్ ఎక్స్‌పీకి తప్ప లేదు. మీరు చెప్పిన దారి సులువైనదే, కానీ ఆ దారిలో వెళితే స్కానర్ మూలన పడుతుంది, దానితో పాటు పనీ ఆగుతుంది.


పాతడిస్కులు, హైదరాబాద్:

తెనాలి తమ్ముడికి, ముందు మీ భయం తీరుస్తాను. డిస్క్‌లో ఏ లోపమూ లేదు. డేటా రికవరీ నా వృత్తి. ఈ 1678 సంఖ్యతో నా దగ్గరకు డిస్కులు వస్తూనే ఉంటాయి. 3 టీబీ డిస్కులైతే 746 జీబీ అని చూపిస్తాయి. ఆ సంఖ్యను చూడగానే ఏం జరిగిందో తెలిసిపోతుంది.

లెక్క కట్టి చూడండి. మీ డిస్క్‌లో సెక్టార్లు, అంటే డేటా రాసే 512 బైట్ల చిన్న ముక్కలు, 781,40,37,168 ఉంటాయి. 4 టీబీ డిస్కులన్నిటిలో సాధారణంగా ఇంతే. ఎక్స్‌పీ డిస్క్ డ్రైవర్ ఈ సంఖ్యను 32 బిట్లలోనే అందుకుంటుంది. 32 బిట్లలో 429,49,67,296 దాటిన లెక్క పట్టదు. పాత స్కూటర్ మీటర్ 99999 దాటాక మళ్లీ సున్నా నుంచి తిరిగినట్టు, ఆ పైనున్నది మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది. మొదటి సంఖ్యలోంచి రెండోది తీసేసి 512తో హెచ్చించండి. 1,80,176 కోట్ల బైట్లు వస్తాయి. దాన్ని విండోస్ లెక్కలో (జీబీకి 1024 × 1024 × 1024 బైట్లు) జీబీలకు మారిస్తే 1678.02. ఎక్స్‌పీ మీకు డిస్క్ పరిమాణం చెప్పలేదు, 2.2 టీబీ పోగా మిగిలిన శేషం చెప్పింది.

డ్రైవర్ ఒక్కటే అడ్డమైతే దాన్ని మార్చి బయటపడవచ్చు. రెండో గోడ ఇంకా పాతది, ఇంకా గట్టిది. అది పార్టిషన్ టేబుల్, అంటే డిస్క్‌ను ఏ భాగాలుగా విడగొట్టారో చెప్పే పట్టిక. 1983 మార్చిలో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ వచ్చింది. అందులో 10 ఎంబీ హార్డ్ డిస్క్. దానితో వచ్చిన డాస్ 2.0 డిస్క్ మొదటి సెక్టార్‌లో ఒక చిన్న పట్టిక పెట్టింది. 446 బైట్ల బూట్ ప్రోగ్రాం, ఆ తరువాత ఒక్కొక్కటి 16 బైట్ల చొప్పున నాలుగు గడులు, చివర రెండు బైట్ల ముద్ర. అన్నీ కలిపి 512. ఒక్కో గడిలో పార్టిషన్ ఎక్కడ మొదలైందో చెప్పడానికి నాలుగు బైట్లు, ఎన్ని సెక్టార్లుందో చెప్పడానికి నాలుగు బైట్లు. నాలుగు బైట్లంటే మళ్లీ ఆ 32 బిట్లే. 429 కోట్ల చిల్లర సెక్టార్లు, ఒక్కొక్కటి 512 బైట్లు: 2.199 టీబీ. మనం ఎంబీఆర్ అనే పట్టిక ఇదే. పది మెగాబైట్ల డిస్క్ కోసం గీసిన పట్టిక అంతకు రెండు లక్షల రెట్లు పెద్ద డిస్క్‌ను మోయగలిగింది. దాన్ని గీసినవాళ్ల మీద నాకు చాలా గౌరవం. గోడ వాళ్లు కట్టింది కాదు, మనమే అంత దూరం నడిచి వచ్చి దానికి తగులుకున్నాం.

ఈ గోడ దాటడానికే జీపీటీ అనే కొత్త రకం పట్టిక వచ్చింది. అందులో సెక్టార్ సంఖ్యలు 64 బిట్లు, పట్టిక మరో ప్రతి డిస్క్ చివర కూడా ఉంటుంది. కానీ 32 బిట్ ఎక్స్‌పీకి జీపీటీ తెలియదు. సర్వీస్ ప్యాక్ 3 వేసినా తెలియదు. 2005లో వచ్చిన 64 బిట్ ఎక్స్‌పీ జీపీటీ డిస్కులను డేటా కోసం చదవగలదు, కానీ దానికి 64 బిట్ డ్రైవర్లు కావాలి. మీ స్కానర్‌కు అవి లేవు కాబట్టి ఆ తలుపు మూసినట్టే. మీ తమ్ముడి కంప్యూటర్‌లో జీపీటీ చేసి తెచ్చి తగిలిస్తే, ఎక్స్‌పీలో అది ‘జీపీటీ ప్రొటెక్టివ్ పార్టిషన్’ అన్న ఒకే ముద్దలా కనిపిస్తుంది. దానికి డ్రైవ్ అక్షరం ఇవ్వదు, తెరవనివ్వదు. పాత ప్రోగ్రాములు దాన్ని ఖాళీ డిస్క్ అనుకుని రాసేయకుండా పెట్టిన కాపలా అది. ఆ కాపలాను తీసేసే ప్రయత్నం మాత్రం చేయవద్దు.

ఇక మీ మూడో ప్రశ్న. 1678 జీబీని ఎక్స్‌పీలోనే పార్టిషన్ చేసి, ఎక్స్‌పీలోనే వాడితే రాసినది భద్రంగానే ఉంటుంది. ఆ స్థలమంతా డిస్క్ ముందు భాగంలోనే ఉంటుంది, 32 బిట్ల హద్దుకు ఇవతలే ఉంటుంది. కాబట్టి ఎక్కడా లెక్క చుట్టు తిరగదు. ప్రమాదం ఆ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించినప్పుడు మొదలవుతుంది. అదే డిస్క్ విండోస్ 10లో మూడు ముక్కలుగా కనిపిస్తుంది: మీ 1678 జీబీ, పక్కన 370 జీబీ ఖాళీ, ఆ పక్కన ఎవరూ ముట్టుకోలేని 1678 జీబీ. మధ్యలోని 370 జీబీని చూసి ఎవరైనా ‘అరె, చోటు ఉందే’ అని పార్టిషన్ పెంచారనుకోండి. తిరిగి ఎక్స్‌పీకి తెస్తే, 1678 దగ్గర డిస్క్ అయిపోయిందని నమ్మే వ్యవస్థకు 2048 దాకా వెళ్లే పార్టిషన్‌ను చూపించినట్టు అవుతుంది. ఆ స్థితిలో ఎక్స్‌పీని నేను నమ్మను, మరో ప్రతి లేని పుస్తకాలను దాని చేతిలో పెట్టను.

లెక్క చుట్టు తిరిగితే ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది చప్పుడు చేయదు. 429 కోట్లు దాటిన సెక్టార్‌కు రాయమంటే 32 బిట్ల డ్రైవర్ మొదటి సెక్టార్ల దగ్గరకు వెళ్లి రాస్తుంది. అక్కడ ఉండేది పార్టిషన్ టేబుల్, దాని వెనకే ఫైళ్ల పట్టిక. తప్పు జరిగిందన్న సందేశం రాదు. కాపీ పూర్తయిందనే చెబుతుంది. మర్నాడు ఆన్ చేస్తే డిస్క్ ఖాళీ. ఎక్స్‌పీకే కాదు, పాత స్టోరేజ్ డ్రైవర్లున్న విండోస్ 7 కంప్యూటర్లలోనూ ఇలా పోయిన డిస్కులను నేను చూశాను. పాత యూఎస్‌బీ డాక్‌లలో కూడా ఇదే గొడవ.

మరో హెచ్చరిక, మీరు అడగకపోయినా. మీ ఎక్స్‌పీ సీడీ 2001 నాటి మొదటిదైతే, ఎప్పుడైనా రిపేర్ ఇన్‌స్టాల్ చేయవలసి వస్తే ఆ సీడీ వాడవద్దు. ఆ మొదటి ఎక్స్‌పీకి 137 జీబీ దగ్గర ఇంకో గోడ ఉంది. అప్పట్లో సెక్టార్ చిరునామా 28 బిట్లే. 2002లో సర్వీస్ ప్యాక్ 1తోనే 48 బిట్ల చిరునామా వచ్చింది. సర్వీస్ ప్యాక్ లేని సీడీతో రిపేర్ చేస్తే మీ పాత 500 జీబీ డిస్క్‌లో ఉన్నదానికే ముప్పు. సర్వీస్ ప్యాక్ కలిసి ఉన్న సీడీ ఒకటి ఇప్పుడే సిద్ధం చేసి పెట్టుకోండి.


కెమెరాకన్ను, విశాఖపట్నం:

మాది ఫొటో స్టూడియో. మా దగ్గరా ఒక ఎక్స్‌పీ కంప్యూటర్ ఉంది. దానికి 3 టీబీ యూఎస్‌బీ ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలిస్తే మొత్తం కనిపిస్తోంది, ఏళ్లుగా వాడుతున్నాం. కాబట్టి ఎక్స్‌పీకి అసలు చేతకాదు అనడం సరికాదు. మీరు ఎక్స్‌టర్నల్ పెట్టె కొనుక్కోవచ్చు కదా?


పాతడిస్కులు, హైదరాబాద్:

విశాఖ మిత్రులు చెప్పింది నిజం. దాని కిటుకు తెలుసుకుంటే తెనాలి వారికీ పనికొస్తుంది. 2010 తరువాత వచ్చిన పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో కొన్ని తమ సెక్టార్ 512 బైట్లు కాదు, 4096 బైట్లు అని కంప్యూటర్‌కు చెబుతాయి. సెక్టార్ల సంఖ్య ఎనిమిదో వంతుకు తగ్గుతుంది, 32 బిట్లలో హాయిగా పడుతుంది. అదే పాత ఎంబీఆర్ పట్టిక, అవే నాలుగు బైట్లు, కానీ హద్దు 2.2 టీబీ నుంచి 17.6 టీబీకి జరుగుతుంది. ఎక్స్‌పీ దాన్ని కిమ్మనకుండా ఒప్పుకుంటుంది. చాలా తెలివైన ఉపాయం.

అయితే ఈ మాట చెప్పేది డిస్క్ కాదు, పెట్టెలోని చిన్న సర్క్యూట్. ఆ సర్క్యూట్ కాలిపోతే డిస్క్ తీసి నేరుగా సాటాకు తగిలిస్తారు. అప్పుడు డిస్క్ 512 అంటుంది, పట్టికలోని అంకెలన్నీ ఎనిమిది రెట్లు తప్పుతాయి, ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడుగుతుంది. దయచేసి అప్పుడు ‘సరే’ నొక్కవద్దు. లోపల డేటా చెక్కుచెదరకుండా ఉంటుంది. అదే రకం పెట్టెలో పెడితే మళ్లీ కనిపిస్తుంది. ఇలా ‘చచ్చిపోయింది’ అనుకుని తెచ్చిన డిస్కులను వేరే పెట్టెలో పెట్టి అప్పటికప్పుడే తెరిచి ఇచ్చిన సందర్భాలున్నాయి. విశాఖ వారు అదే రకం పెట్టె మరొకటి కొని పక్కన పెట్టుకుంటే మంచిది.

తెనాలి వారికి చిక్కు ఏమిటంటే, మీ చేతిలో ఇప్పటికే ఇంటర్నల్ డిస్క్ ఉంది. విడిగా దొరికే ఖాళీ పెట్టెలన్నీ 4096 చెప్పవు. చాలావాటికి 512 చెప్పడమే వచ్చు. కొనేముందు దుకాణంలోనే ఒక ఎక్స్‌పీ కంప్యూటర్‌కు తగిలించి చూపించమనండి. పైగా జీ31 బోర్డులో ఉన్నది యూఎస్‌బీ 2.0. దాని వేగం సెకనుకు 30 ఎంబీ దాటడం కష్టం. 4 టీబీ మొత్తం నింపాలంటే ఒకటిన్నర రోజు పడుతుంది.


సీభాష, పుణె:

ఇంకో రెండు మార్గాలున్నాయి. ఎక్స్‌పీకి జీపీటీ నేర్పే ప్రోగ్రాం ఒకటి ఉంది, పేరాగాన్ వాళ్ల జీపీటీ లోడర్. రెండోది, లినక్స్‌లో జీడిస్క్ అనే పనిముట్టుతో హైబ్రిడ్ ఎంబీఆర్ చేయవచ్చు. ఒకే డిస్క్‌లో జీపీటీ, ఎంబీఆర్ రెండూ ఉంటాయి. మొదటి 2 టీబీలోని పార్టిషన్‌ను ఎక్స్‌పీ చూస్తుంది, మిగిలినది కొత్త కంప్యూటర్లు చూస్తాయి.


పాతడిస్కులు, హైదరాబాద్:

రెండూ ఉన్నవే, పనిచేస్తాయి కూడా. కానీ నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: మరో ప్రతి లేని డేటాకు ఇవి తగవు. హైబ్రిడ్‌లో ఒకే స్థలాన్ని రెండు పట్టికలు వర్ణిస్తాయి. ఏదో ఒక కంప్యూటర్‌లో పార్టిషన్ కొంచెం మారిస్తే ఒక పట్టిక మారుతుంది, రెండోది పాతదే చెబుతుంది. అప్పుడు ఏది నిజమో డిస్క్‌కు తెలియదు, మీకూ తెలియదు. జీడిస్క్ రాసిన వ్యక్తే హైబ్రిడ్ జోలికి వెళ్లవద్దని గట్టిగా హెచ్చరించారు. ఇక అదనపు డ్రైవర్ సంగతి. దాన్ని వేసిన కంప్యూటర్‌లోనే డిస్క్ తెరుచుకుంటుంది. రేపు ఎక్స్‌పీ మళ్లీ వేయవలసి వస్తే, ఆ డ్రైవర్ కూడా మీ దగ్గర ఉండాలి, దాని లైసెన్సు పనిచేయాలి. పుస్తకాలు నిలవాలని మీరు చేస్తున్న పని ఒక ప్రోగ్రాం ఆయుష్షు మీద ఆధారపడకూడదు.

నేనైతే ఇలా చేస్తాను. ఎక్స్‌పీకి పెద్ద డిస్క్‌ను చూపించను. ఈ హద్దులన్నీ సెక్టార్లను లెక్కపెట్టేవాడికే. నెట్‌వర్క్ మీద వేరే కంప్యూటర్ ఫోల్డర్‌ను తెరిచేవాడికి సెక్టార్లతో పనే లేదు, ఫైళ్ల పేర్లతోనే పని. 4 టీబీ డిస్క్ ఏదైనా పాత 64 బిట్ కంప్యూటర్‌లో జీపీటీగా పెట్టండి. ఎక్స్‌పీ దాన్ని నెట్‌వర్క్ డ్రైవ్‌గా తెరుస్తుంది. రేపు 8 టీబీ పెట్టినా ఎక్స్‌పీకి తేడా తెలియదు.

స్కానింగ్ జరిగేటప్పుడు రాయడానికి ఎక్స్‌పీలో చోటు కావాలి కనుక, 500 జీబీ బదులు 2 టీబీ ఇంటర్నల్ డిస్క్ ఒకటి పెట్టుకోవచ్చు. అది 1863 జీబీ, హద్దుకు ఇవతలే. ఒక్క జాగ్రత్త: దాన్ని ఎక్స్‌పీలో పార్టిషన్ చేయవద్దు. ఎక్స్‌పీ తన మొదటి పార్టిషన్‌ను 63వ సెక్టార్ దగ్గర మొదలుపెడుతుంది. ఈ రోజుల్లో డిస్కులు బయటకు 512 అని చెప్పినా లోపల 4096 బైట్ల సెక్టార్లతో పనిచేస్తాయి. 63 అన్నది ఎనిమిదితో భాగింపబడదు. అందువల్ల ప్రతి రాత రెండు సెక్టార్ల మధ్య పడి, డిస్క్ రెండింటినీ చదివి, మార్చి, తిరిగి రాయాలి. 104 ఎంబీ టిఫ్‌లు దాచేటప్పుడు ఆ నత్తనడక మీకే తెలుస్తుంది. మీ తమ్ముడి విండోస్ 10లో ఎంబీఆర్‌గా ఇనిషియలైజ్ చేసి అక్కడే పార్టిషన్ చేయండి. అది 2048వ సెక్టార్ దగ్గర మొదలవుతుంది, సరిగ్గా కుదురుతుంది. తరువాత ఎక్స్‌పీకి తగిలిస్తే అదే వాడుకుంటుంది.


అచ్చుపని, తెనాలి:

అన్నయ్యా, ఇంత విడమరచి ఎవరూ చెప్పలేదు. నెట్‌వర్క్ ఆలోచన నచ్చింది. తమ్ముడి విండోస్ 10లో ఫోల్డర్ షేర్ చేసి చూశాను. ఎక్స్‌పీలో ఆ కంప్యూటర్ తెరుచుకోవడం లేదు. ఇద్దరం ఒకే రౌటర్‌కు కలిసి ఉన్నాం, పింగ్ వెళుతోంది. ఇది కూడా ఏదైనా హద్దేనా?


కాపలాదారు, వరంగల్:

దీనికి నేను జవాబిస్తాను, నెట్‌వర్కులు నా పని. ఎక్స్‌పీకి ఎస్ఎంబీ అనే ఫైల్ షేరింగ్ భాషలో మొదటి రూపం ఒక్కటే వచ్చు. విండోస్ 10లో 2017 చివర వచ్చిన వెర్షన్ నుంచి దాన్ని కొత్త ఇన్‌స్టాలేషన్లలో తీసేశారు. కారణం మీకు గుర్తుండే ఉంటుంది. 2017 మే నెలలో వాన్నక్రై అనే వైరస్ ఆ మొదటి రూపంలోని లోపం గుండానే ప్రపంచమంతా పాకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. మద్దతు ఆగిపోయిన ఎక్స్‌పీకి సైతం అప్పుడు మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా ప్యాచ్ ఇచ్చింది. అది మీ ఎక్స్‌పీలో లేకపోతే ముందు వేయండి.

తమ్ముడి కంప్యూటర్‌లో పాత ఎస్ఎంబీని తిరిగి తెరవవద్దు. ఇంటర్నెట్, మెయిలు వాడే కంప్యూటర్‌లో ఆ కిటికీ తెరిచి ఉంచడం నాకు ఇష్టం లేదు. పాత డెస్క్‌టాప్ ఒకటి తీసుకుని డెబియన్ లినక్స్ వేసి, 4 టీబీ డిస్క్ అందులో పెట్టి, లినక్స్ ఫోల్డర్లను విండోస్‌కు షేర్ చేసే సాంబా అనే ప్రోగ్రాం నడపండి. సాంబా కూడా 4.11 నుంచి పాత రూపాన్ని మామూలుగా ఒప్పుకోదు. సెట్టింగుల ఫైలులో ‘సర్వర్ మిన్ ప్రోటోకాల్’ అన్న వరుసకు ‘ఎన్‌టీ1’ అని ఇవ్వాలి.

ఇంతా చేశాక పాస్‌వర్డ్ తప్పు అని ఎక్స్‌పీ అంటుంది. చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. పాస్‌వర్డ్ సరైనదే. ఎక్స్‌పీ దాన్ని పాత పద్ధతిలో పంపుతుంది, సాంబా కొత్త పద్ధతి అడుగుతుంది. ఇక్కడ సాంబాను సడలించవద్దు, ఎక్స్‌పీనే మార్చండి. ఆ కొత్త పద్ధతి, అంటే ఎన్‌టీఎల్‌ఎం రెండో రూపం, ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌కూ వచ్చు, అడిగితే వాడుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో అడ్మినిస్ట్రేటివ్ టూల్స్, అందులో లోకల్ సెక్యూరిటీ పాలసీ, అందులో సెక్యూరిటీ ఆప్షన్స్ తెరవండి. ‘ల్యాన్ మేనేజర్ అథెంటికేషన్ లెవెల్’ అన్న వరుసలో ‘ఎన్‌టీఎల్‌ఎం వీ2 మాత్రమే పంపు’ అనే అర్థం వచ్చేదాన్ని ఎంచుకోండి.

ఎక్స్‌పీని రౌటర్ నుంచి తీసేయండి. డెబియన్ కంప్యూటర్‌లో రెండో నెట్‌వర్క్ కార్డు పెట్టి, ఎక్స్‌పీ నుంచి ఒకే ఒక కేబుల్ దానికి నేరుగా ఇవ్వండి. సాంబా ఆ కార్డు మీదే వినేలా కట్టేయండి. ఎక్స్‌పీ నెట్‌వర్క్ సెట్టింగుల్లో డీఫాల్ట్ గేట్‌వే గడి ఖాళీగా వదిలేయండి. అప్పుడు ఎక్స్‌పీకి ఇంటర్నెట్ దారే తెలియదు. తమ్ముడి కంప్యూటర్ నుంచి ఫైళ్లు కావాలంటే సాంబా అక్కర్లేదు, ఫైళ్లు భద్రంగా కాపీ చేసే విన్‌ఎస్‌సీపీ అనే ప్రోగ్రాంతో డెబియన్‌కు కలిస్తే చాలు.


నీలిదారం, బెంగళూరు:

మొదట నేను ఇచ్చిన జవాబు స్కానర్ సంగతి పట్టించుకోలేదన్నది నిజమే. అయినా ఒక మాట అడుగుతాను. ఇంత చేసేకన్నా ఎక్స్‌పీని వర్చువల్ మెషీన్‌లో, అంటే కొత్త కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాంలా నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో పెట్టి, పెద్ద డిస్క్‌ను పైనున్న కొత్త వ్యవస్థకే వదిలేస్తే?


పాతడిస్కులు, హైదరాబాద్:

మంచి ప్రశ్న. పేజ్‌మేకర్ వరకైతే అదే ఉత్తమం. లోపలి ఎక్స్‌పీకి చిన్న వర్చువల్ డిస్క్ చాలు, పేజీల ఫైళ్లు పెద్దవి కావు. అను కీబోర్డు కూడా అందులో వాడుకోవచ్చు. ఒకసారి చేసిపెడితే ఆ వర్చువల్ మెషీన్ మొత్తాన్ని ఒక ఫోల్డర్‌లా కాపీ చేసి దాచుకోవచ్చు. పాత జీ31 బోర్డు రేపు పోయినా రీప్రింట్ల పని ఆగదు. స్కానర్‌ది మాత్రం వేరు కథ. యూఎస్‌బీ స్కానర్ అయితే వర్చువల్ మెషీన్‌కు అందించి చూడవచ్చు, కుదిరినా కుదరవచ్చు. స్కానర్ కార్డు బోర్డులో గుచ్చేది అయితే కుదరదు. తెనాలి తమ్ముడూ, మీది ఏ రకం?


అచ్చుపని, తెనాలి:

మా స్కానర్‌ది బోర్డులో గుచ్చే రకమే: పీసీఐ కార్డు, స్కజీ కేబుల్. అందుకే ఎక్స్‌పీ అసలు కంప్యూటర్‌లోనే ఉండాలి. పేజ్‌మేకర్‌ను మాత్రం వర్చువల్ మెషీన్‌కు మారుస్తాను.

వరంగల్ వారు చెప్పినట్టే పాత డెస్క్‌టాప్ ఒకటి తీసుకుని డెబియన్ వేశాను. పాస్‌వర్డ్ దగ్గర సరిగ్గా మీరు చెప్పినట్టే ఆగింది, ల్యాన్ మేనేజర్ సెట్టింగ్ మార్చగానే తెరుచుకుంది. ఎక్స్‌పీలో ఇప్పుడు ‘జడ్’ డ్రైవ్‌గా కనిపిస్తోంది. మా బోర్డులోని నెట్‌వర్క్ పోర్టు 100 మెగాబిట్ రకం. 104 ఎంబీ బొమ్మ పంపడానికి పది సెకన్ల దాకా పడుతోంది. తరువాతి పేజీ సరిచేసుకుని మూత వేసేలోగా అయిపోతుంది కాబట్టి ఇబ్బంది లేదు.

రెండు సందేహాలు మిగిలాయి. స్కానర్ ప్రోగ్రాం నుంచి నేరుగా ‘జడ్’లోకి దాచవచ్చా? పుస్తకాలు వేసేముందు డిస్క్ మొత్తం నిజంగా ఉందని నిర్ధారించుకోవడం ఎలా?


పాతడిస్కులు, హైదరాబాద్:

నేరుగా దాచవద్దు. కేబుల్ కదిలితే సగం రాసిన టిఫ్ మిగులుతుంది, ఆ ప్రోగ్రాం తిరిగి ప్రయత్నించదు. ముందు ఎక్స్‌పీ సొంత డిస్క్‌లోకి స్కాన్ చేయండి. పుస్తకం పూర్తయ్యాక ఫోల్డర్ మొత్తం ‘జడ్’లోకి కాపీ చేయండి. తరలించవద్దు, కాపీ మాత్రమే. రెండు వైపులా చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి లెక్కకట్టే వేలిముద్ర లాంటి అంకె) సరిపోల్చాకే ఎక్స్‌పీ వైపు ప్రతిని తీసేయండి. డెబియన్‌లో ఎండీ5సమ్ అనే ఆదేశం ముందే ఉంటుంది, ఎక్స్‌పీకి అలాంటి చిన్న ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. చెక్‌సమ్‌ల జాబితాను పుస్తకం ఫోల్డర్‌లోనే ఉంచండి. కొన్నేళ్ల తరువాత ఏ బొమ్మ పాడైందో అదే చెబుతుంది.

డిస్క్ పరీక్షకు జర్మనీ పత్రిక సీటీ వాళ్ల హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ఖాళీ చోటంతా తనకు తెలిసిన అంకెలతో నింపి, మొదటి నుంచి తిరిగి చదివి చూస్తుంది. ఎక్కడైనా లెక్క చుట్టు తిరిగి మొదటి భాగం మీద రాసి ఉంటే చదివేటప్పుడు బయటపడుతుంది. కానీ దాన్ని ఎక్స్‌పీ నుంచి ‘జడ్’ మీద నడపవద్దు. సెకనుకు 11 ఎంబీ చొప్పున 4 టీబీ రాయడానికే నాలుగు రోజులు, చదవడానికి మరో నాలుగు. డెబియన్‌లోనే ఎఫ్3 అనే పనిముట్టు అదే పని చేస్తుంది. సాటా మీద సెకనుకు 150 ఎంబీ వస్తే రాయడం ఏడున్నర గంటల్లో అయిపోతుంది, చదవడానికి మరో అంత. మొదటి పుస్తకం అందులో వేయకముందే ఈ పరీక్ష పెట్టండి, ఎందుకంటే తప్పు ఏమైనా ఉంటే 2.2 టీబీ నిండిన రోజు దాకా కనిపించదు.

ఆ 4 టీబీ డిస్క్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అదే పరిమాణంలో రెండోది కొని, నెలకోసారి మొత్తం కాపీ చేసి, డీటీపీ సెంటర్‌లో కాకుండా ఇంట్లో పెట్టండి. ఇప్పుడు ఈ డిస్కులు డెబియన్‌వి కాబట్టి జీపీటీగా చేయడానికి ఏ సంకోచమూ అక్కర్లేదు. అయితే వాటి మీద ‘ఎక్స్‌పీకి తగిలించరాదు’ అని చీటీ అంటించండి. మీరు ఊళ్లో లేనప్పుడు మరొకరు వచ్చి మరమ్మతు చేయవలసి రావచ్చు.


అచ్చుపని, తెనాలి:

ఎఫ్3 మొదలుపెట్టాను, రాత్రంతా నడుస్తుంది. చీటీ ఇప్పుడే అంటించాను. ఎక్స్‌పీ సీడీ కూడా తీసి చూశాను, దాని మీద ‘సర్వీస్ ప్యాక్ 2’ అని ఉంది.


పాతడిస్కులు, హైదరాబాద్:

సర్వీస్ ప్యాక్ 2 అయితే 137 జీబీ గోడ లేదు. ఆ సీడీ వాడవచ్చు. ఎఫ్3 చివర పోయిన డేటా దగ్గర సున్నా కాకుండా ఏ అంకె వచ్చినా పుస్తకాలు వేయకుండా ఆ వరుస మొత్తం ఇక్కడ రాయండి.